నా మొదటి గ్రాఫులో తిత్లీ లేదు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను తిత్లీ. మాది శ్రీకాకుళం జిల్లాలో కంచిలి వైపు ఊరు, ఉద్దానం నడిబొడ్డు. నాన్న చేత్తో నాటిన నూటపది కొబ్బరి చెట్లలో తెల్లారేసరికి పదకొండు మిగిలాయి. జీడి తోట సంగతి చెప్పనక్కర్లేదు. అంత గాలి వీచిన రోజు, నేను ఆ జిల్లా గాలివేగాలతో గీసిన గ్రాఫులో కనబడనే లేదు. గీత చదునుగా, నీటుగా వచ్చింది. తప్పు నా ప్రోగ్రాంలోనే ఉంది. మిగతావాటికి మరీ దూరంగా ఉన్న అంకెల్ని తీసేయమని రాసింది నేనే. పదేళ్లుగా అలవాటైన పని కదా, చెయ్యి దానంతటదే రాసేసింది.

ఆ పదేళ్ల పని వెబ్ మైనింగ్, అంటే వెబ్‌సైట్లలో జనం తిరిగిన జాడల్ని తవ్వి చూడడం. విజయనగరంలో ఎంసీఏ చదివి, అక్కడే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేశాను. వెబ్ సర్వర్ తన దగ్గరికి వచ్చిన ప్రతి అడుగునీ లాగ్ ఫైల్లో ఒక వరుసగా రాసుకుంటుంది: ఏ ఐపీ అడ్రసు, ఎప్పుడు, ఏ పేజీ అడిగింది, దొరికిందా లేదా. లక్షల వరుసల్లోంచి ఒక మనిషి ఒక విడతలో చూసిన పేజీల్ని కూడదీయాలి. 30 నిమిషాలు కదలిక లేకపోతే ఆ మనిషి లేచి వెళ్లిపోయినట్టు లెక్క. 30 ఎందుకంటే అందరూ అదే పెడుతున్నారు కాబట్టి (వైవాలో ఈ జవాబు చెప్పకండి). ఒక్క నిమిషంలో వందల పేజీలు అడిగేది మనిషి కాదు, బాట్, అంటే తనంతట తానే పేజీలు అడుగుతూ పోయే ప్రోగ్రాం. దాన్ని ఏరి పారేయాలి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరడంలో నాకు మంచి పేరుండేది.

తిత్లీ వెళ్లిన వారానికి ఊరెళ్లాను. కరెంటు లేదు. పడిపోయిన చెట్టు మొదలు మీద కూర్చుని అమ్మ అడిగింది: "ఏటే అమ్మీ, గాలెప్పుడొస్తదో నీ కంప్యూటరుకి ముందే తెలుస్తదేటి?" తెలియదన్నాను. "మరి దాన్తో ఏటి సేస్తన్నావు?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. జనం ఏ పేజీ తర్వాత ఏ పేజీ నొక్కుతారో చూస్తున్నానని ఆ చెట్టు మీద కూర్చుని చెప్పలేకపోయాను.

దారి మార్చడం అనుకున్నంత తేలిక కాలేదు. రెండేళ్లలో ఐదు చోట్ల దరఖాస్తు పెట్టాను. వాతావరణం వాళ్లకి నేను కంప్యూటర్ మనిషిని, కంప్యూటర్ వాళ్లకి దారి తప్పినదాన్ని. ఒక ఇంటర్వ్యూలో కోరియాలిస్ బలం (భూమి తిరగడం వల్ల గాలిని పక్కకి మళ్లించేది) సూత్రం అడిగారు, గడగడా చెప్పాను. "సరే, సరిగ్గా భూమధ్యరేఖ మీద తుపాన్లు ఎందుకు పుట్టవు?" అన్నారు. నోరు పెగల్లేదు. జవాబు నేను చెప్పిన సూత్రంలోనే ఉంది. అక్షాంశం సున్నా అయితే ఆ బలమూ సున్నా, గాలిని సుడి తిప్పేది ఉండదు. బస్సెక్కాక తట్టింది. ఇంటికొచ్చి బీఎస్సీ ఫిజిక్స్ పుస్తకం అటక మీంచి దించాను. సంవత్సరంపాటు రాత్రి తొమ్మిది దాటాక అదే పని.

చివరికి ఒక వర్షపాతం ప్రాజెక్టులో తీసుకున్నారు, పాత జీతంలో సగానికి. గ్రాఫులో తిత్లీ మాయమైంది అక్కడే, చేరిన రెండో నెలలో. సీనియర్ మేడమ్ స్క్రీన్ వంక చూసి, "మీ ఊరి తుపాను ఏదమ్మా?" అన్నారు. అంతే అన్నారు.

ఆ తర్వాత తేదీల గొడవ. లాగ్ ఫైల్లో ప్రతి సమయం పక్కనా ప్లస్ 0530 అని ఉంటుంది, ఏ దేశపు గడియారమో సందేహం ఉండదు. వర్షపాతం ఫైల్లో ఉత్త తేదీ ఉంటుంది. మన వాతావరణ శాఖ లెక్కలో అక్టోబర్ 11 వర్షం అంటే 10వ తేదీ ఉదయం 8:30 నుంచి 11 ఉదయం 8:30 దాకా పడింది. దాన్ని నేను యూరప్ వాళ్లు తయారుచేసిన ఎరా5 అనే వాతావరణ డేటాతో పోల్చాను. అది 1940 నుంచి గంట గంటకీ ప్రపంచమంతటి వాతావరణాన్ని సుమారు 31 కిలోమీటర్ల గళ్లలో ఇస్తుంది. దాని గడియారం గ్రీనిచ్‌ది, అక్కడి 11వ తేదీ మనకు ఉదయం 5:30కి మొదలవుతుంది. అంటే ఆ 11కీ ఈ 11కీ ఉమ్మడిగా ఉన్నది మూడే గంటలు. తుపాను తీరం దాటిన రాత్రి వాన ఒకదాంట్లో 11న, ఇంకోదాంట్లో 10న కూర్చుంది. రెండూ కలవడం లేదని మూడు వారాలు ఎరా5ని తిట్టుకున్నాను. ఎరా5 పూర్తిగా అమాయకురాలని కాదు. అంత పెద్ద గళ్లలో తుపాను అసలు ఉధృతి పట్టదు, గాలి తక్కువే చూపిస్తుంది. కానీ ఈ తప్పు మాత్రం నాదే.

ఇంకొకటి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. వాన పడుతుందా లేదా అని చెప్పే మోడల్ ఒకటి తయారుచేస్తే అదరగొట్టేసింది. లాబ్‌లో స్వీట్లు కూడా పంచాను. డేటాని ఎలా విడగొట్టావని మేడమ్ అడిగారు. పాత అలవాటే, చీట్లు కలిపినట్టు కలిపి కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకి. పొద్దున పది గంటలప్పటి వాతావరణం నేర్పి, అదే రోజు పదకొండు గంటలప్పటిది పరీక్ష పెడితే అది కాపీయే. పక్క గంట జవాబు చూసి రాస్తోంది. కొన్నేళ్లది నేర్పి, వేరే ఏళ్లది పరీక్ష పెట్టేసరికి మార్కులు ఢామ్మని పడ్డాయి. స్వీట్లు మాత్రం అయిపోయాయి.

పాత చదువు వృథా పోయిందా అంటే, లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిడుగులు ఎప్పుడెక్కడ పడ్డాయో పాత తెలుగు వార్తల నుంచి జాబితా తయారుచేసే పని వచ్చినప్పుడు అందరూ నావైపే చూశారు. అక్కడ నేను రాణిని. అయినా మొదటి విడతలో బడ్జెట్ రోజున రాష్ట్రమంతా పిడుగులు పడ్డాయి: "సామాన్యుడిపై పన్నుల పిడుగు". ఎన్నికల నెలల్లో తుపాన్లు లెక్కలేనన్ని. తుపాను, తుఫాను, తుఫాన్ మూడూ ఒకటేనని నేర్పాలి. కొత్తూరు అంటే ఏ కొత్తూరో తేల్చాలి, ఆ పేరు లేని జిల్లా లేదేమో! పలాస అని కనబడితే అది ఊరా, ప్యాసింజర్ బండా? మేకలు కాసే మనిషి చెట్టు కింద చనిపోయిన వార్త మూడు లైన్లే ఉంటుంది, మండలం పేరు ఒక్కోసారి అదీ ఉండదు. అలాంటివి ఏ ఫిల్టర్‌కీ వదలకుండా ఒక్కొక్కటీ కళ్లతో చదివాను. ఏరి పారేయడానికి చెయ్యి రాలేదు.

కిందటేడు మా పెరట్లో వానమాపకం పెట్టించాను. పొద్దున్నే ఎనిమిదిన్నరకి అమ్మ గాజు కొలతపాత్రలో పోసి, మిల్లీమీటర్లు చూసి, గోడ క్యాలెండర్ గడిలో రాస్తుంది. నాకు ఫోన్లో చెబుతుంది. ఏ గడిలో రాయాలన్నదే మా ఇద్దరి మధ్య పేచీ.

"నిన్న పడిన వాన ఇయాల గడిలో ఎలా రాస్తానే? అబద్ధం కాదా?"

రూలు అంతేనమ్మా అన్నాను. సరేనంది. మొన్న ఊరెళ్లి చూస్తే అంకెలన్నీ రెండు గళ్ల మధ్య గీత మీద ఉన్నాయి.