ఆంథూరియం పూయడం మానేస్తే

ఆకులు నిగనిగలాడుతున్నా పూలు రావడం లేదంటే, ముందు అనుమానించాల్సింది వెలుతురునే. కుండీని కిటికీకి మూడడుగుల లోపు పెట్టండి. మిట్టమధ్యాహ్నపు ఎండ మాత్రం నేరుగా తగలకూడదు, ఆకులు మాడి మచ్చలు పడతాయి. ఆ మచ్చలు ఇక పోవు.

మొక్క చచ్చిపోయేది ఎక్కువగా నీళ్లు ఎక్కువయ్యే. చాలా ఆంథూరియం జాతులు అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరుగుతాయి, అందుకే వేళ్లకు గాలి ఆడాలి. ఉత్త తోటమట్టి వద్దు. రెండు పాళ్లు బెరడు ముక్కలు, రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) కలపండి. పైన అంగుళం లోతు ఆరాకే నీళ్లు పోయండి, పళ్లెంలో నిలిచినవి పారబోయండి.

కింది ఆకులు వరసగా పసుపెక్కుతూ, మట్టి తడిగానే ఉంటే ఇంకా నీళ్లు పోయకండి, మొక్కను బయటికి తీసి చూడండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినదాన్ని చేతివేళ్లతో లాగితే పైతొక్క జారిపోయి లోపల దారం మిగులుతుంది. అలాంటివన్నీ శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, కొత్త మిశ్రమంలో, వేళ్లు పట్టేంత చిన్న కుండీలోనే నాటండి.

ఎదిగే కాలంలో నెలకోసారి, ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో నాలుగో వంతు ద్రవ ఎరువు చాలు. ఎక్కువైతే ఆకుల కొసలు మాడతాయి. వాడిన పూకాడను మొదలుకంటా తీసేయండి. కాడ రసం చర్మానికి దురద పుట్టిస్తుంది, ఆకు నమిలితే నోరు మండుతుంది కాబట్టి పసిపిల్లలకూ పిల్లులకూ అందనివ్వకండి.