తక్కువ ధర మానిటర్ తిప్పి పంపే ముందు

"రంగులు వెలిసిపోయినట్టున్నాయి" అనేది బడ్జెట్ మానిటర్లు కొన్నవాళ్లు తరచూ చెప్పే మాట. చాలాసార్లు తప్పు ప్యానెల్‌ది, అంటే తెరది కాదు. హెచ్‌డీఎంఐలో గ్రాఫిక్స్ కార్డు నలుపు నుంచి తెలుపు దాకా ఉండే స్థాయిలను కుదించి, లిమిటెడ్ రేంజ్‌లో (16–235) పంపుతుంటే నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. డ్రైవర్ సెట్టింగ్స్‌లో ఫుల్, అంటే 0–255 పెట్టి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

100 హెర్ట్జ్ (తెర సెకనుకు 100 సార్లు మారేది) అని కొన్న మానిటర్ 60 దగ్గరే నడుస్తుండొచ్చు. విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి మనమే మార్చుకోవాలి.

వీఏ అనే రకం ఎల్‌సీడీ ప్యానెల్‌లో చీకటి సీన్లప్పుడు తోకలా సాగే మసక మాత్రం దాని స్వభావమే. మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్ (పిక్సెళ్లు త్వరగా మారేలా చేసే సెట్టింగ్) మధ్యస్థంగా ఉంచితే తగ్గుతుంది, పూర్తిగా పోదు. గరిష్ఠానికి పెంచితే కదిలే బొమ్మల అంచుల్లో తెల్లటి నీడ మొదలవుతుంది.

27 అంగుళాల్లో 1080పీ (1920×1080 పిక్సెళ్లు) మాత్రం వద్దనే నా మాట. అంగుళానికి 82 పిక్సెళ్లే, అక్షరాలు గరుకుగా కనిపిస్తాయి. 24 అంగుళాలైతే 92.