అక్కచెల్లెళ్ల సంతకం

ఆడపిల్లకు ఆస్తిలో వాటా లేకపోవడం వల్లనే కట్నం వేళ్లూనుకుందన్న ఆలోచనతో ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని రాష్ట్రం మేరకు సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించింది. కట్నాన్ని నిషేధించిన 1961 నాటి కేంద్ర చట్టాన్ని ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఏనాడూ లెక్కచేయలేదు కనుక, ఇది దానికంటే తెలివైన మార్గమనే నా అభిప్రాయం. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవారికి సవరణ వర్తించలేదు. ఒకే ఇంట్లో 1984లో అత్తవారింటికి వెళ్లిన అక్కకు లేని హక్కు 1987లో పెళ్లయిన చెల్లెలికి దక్కింది. 2005 నాటి కేంద్ర సవరణ ఆ తేడాను తీసివేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇన్ని చిక్కులు విడిపోయిన హక్కు చివరకు దస్తావేజు లేఖరి బల్ల దగ్గర చేజారిపోతోంది. తండ్రి పెద్దకర్మ ముగిసిన కొన్నాళ్లకు అన్నదమ్ములు ఆడపడుచులను సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి తీసుకువెళ్తారు. ఎవరి బలవంతమూ లేకుండా, ప్రేమాభిమానాలతో తన వాటా వదులుకుంటున్నట్టు రాసిన హక్కు విడుదల దస్తావేజు అప్పటికే సిద్ధంగా ఉంటుంది. ఆమె సంతకం చేసి, వేలిముద్ర వేసి, పసుపు కుంకుమల కింద ఒక చీరో కొంత నగదో అందుకుని వెనుదిరుగుతుంది. ఎవరైనా అడిగితే, పెళ్లికి ఇచ్చాం కదా అంటారు. అంటే, చట్టం నేరమన్న కట్నాన్నే చూపి చట్టం ఇచ్చిన వాటాను రద్దు చేస్తున్నారన్నమాట!

ఆమెకు ఏమీ తెలియదనుకోవడం పొరపాటు. రేపు అత్తవారింట్లో తగవు వస్తే నిలబడేదీ, కూతురి పెళ్లికి మేనమామ హోదాలో వచ్చేదీ ఆ అన్నదమ్ములే కనుక, ఎకరం పొలానికీ పుట్టింటి గడపకూ మధ్య ఆమె లెక్క వేసుకునే సంతకం చేస్తుంది. అందుకే అవగాహన సదస్సుల వల్ల ఇక్కడ ఒరిగేది తక్కువ. తండ్రి పోయాక కూతుళ్ల పేర్లు కూడా వారు అడగకుండానే పట్టాదారు పాసుపుస్తకంలోకి ఎక్కాలి. ఏడాది గడవనిదే విడుదల దస్తావేజును రిజిస్టరు చేయకూడదు. ఆ రోజున కూడా అన్నదమ్ములను బయట ఉంచి, వాటా మార్కెట్ విలువ చెప్పి, ఆమె ఇష్టాన్ని అధికారి విడిగా నమోదు చేయాలి. అడగవలసిన పని లేకపోతే, అడిగిందన్న నిష్ఠూరం కూడా ఆమె మీద పడదు. దీనివల్ల కుటుంబాల్లో చిచ్చు రేగుతుందనేవారు, గట్టు తగాదాలతో దశాబ్దాలుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్న అన్నదమ్ములను చూసి మగవారి వాటాలు తీసేయమని ఎన్నడూ అడగలేదు.