మా చేలో ఎలుక బుట్టలు

సార్వా వరి చిరుపొట్ట మీద, అంటే కంకి ఇంకా కాండం లోపలే ఉన్న దశలో ఉంది, రోజూ రాత్రి ఎలుకలు పిలకలు కొరికి పడేస్తున్నాయి, ఆ టెన్షన్‌లో ఎవరినీ అడక్కుండా గట్టు పొడుగునా క్లచ్ వైరు ఉచ్చులు వేశాను. తెల్లారి వెళ్తే మా వీధి కుక్క పడి ఉంది. లాక్కునే కొద్దీ వైరు బిగుసుకుని ముందు కాలి చర్మంలోకి దిగిపోయింది. కటింగ్ ప్లేయర్‌తో తెంపుతుంటే నా చేతులు వణికాయి. బతికింది, ఇంకా కుంటుతోంది.

ఆ సాయంత్రమే ఎలుకలు పట్టే పెద్దాయన్ని పిలిచాను. ఆయనవి తాటాకు, వెదురు బద్ద, తాడుతో చేసిన బుట్టలు, ఇనుము ముక్క లేదు. లోపలి గింజల కోసం ఎలుక తల పెట్టగానే వంచి కట్టిన బద్ద విల్లులా లేస్తుంది, తాడు మెడకి బిగుస్తుంది. ఎంత తేలిగ్గా ఉందో! బుట్ట నోరు ఎందుకంత చిన్నదని అడిగితే, "ఏది పడాలో అదే పడాలండి" అన్నాడు. కన్నాలు, ఎలుక నడిచిన దారి చూసుకుని పొద్దుగూకే వేళ పెడతాడు, పొద్దున్నే తీస్తాడు, పడిన ఎలుకల లెక్కన డబ్బులు.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల పక్కన చేలున్నవాళ్ళు దయచేసి వైరు జోలికి పోకండి. బావురుపిల్లి చేపల కోసం రాత్రిళ్ళు కాలువల వెంటే తిరుగుతుంది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువది, అంటే చట్టం అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చే జాబితాలో ఉంది. ఆ రోజు కుక్క బదులు అదే పడి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

వైరంతా పీకేశాను. రేపు సాయంత్రం ఇంకో 20 బుట్టలు పెట్టిస్తున్నా.