అది నేను కాదు నాన్నా

"రాత్రి మళ్ళీ పళ్ళు కొరికావు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అన్నాను పొద్దున్నే, బ్రష్ చేతికిస్తూ. మా చిన్నదానికి ఏడేళ్ళు. అద్దంలోంచే నా వంక చూసి "అది నేను కాదు నాన్నా, నేనప్పుడు నిద్రపోతున్నా కదా" అంది. ఏడుపు లేదు, పెంకితనం లేదు, ఉన్నమాట చెప్పింది అంతే. దాన్ని స్కూల్లో దింపి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

రెండు నెలలుగా నేను చేసిందేంటంటే, పక్కగదిలోంచి ఆ కరకర వినపడగానే లేచెళ్ళి భుజం తట్టి "అమ్మలూ, పళ్ళు" అని లేపడం. అది కళ్ళు సగం తెరిచి ఊఁ అని అటు తిరిగి పడుకునేది, కాసేపటికి మళ్ళీ మొదలు. తర్వాత చదివితే తెలిసింది, ఇది ఎక్కువగా నిద్ర పలచగా ఉన్నప్పుడు వస్తుందంట, మెదడు కొన్ని సెకన్లపాటు మెలకువ వైపు జరుగుతుంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, ఆ వెంటనే దవడ కండరాలు బిగుసుకుని కదులుతాయి, మనిషికి మాత్రం ఏమీ తెలీదు, పొద్దున గుర్తుండదు. అంటే అసలే చెదిరిన నిద్రని నేను వెళ్ళి పూర్తిగా చెదరగొట్టి వచ్చేవాణ్ణి, పైగా తెల్లారాక మందలించేవాణ్ణి. తెలిసినప్పుడు చాలా బాధేసింది.

అంత పట్టుదల ఎందుకొచ్చిందా అని ఆలోచిస్తే, ఆ శబ్దం నాకు కోపంలా వినపడేది. మన భాషలో పళ్ళు కొరికేది కోపమొచ్చినవాళ్ళే కదా, పళ్ళు పటపటా కొరికాడు అంటే ఇంక వేరే చెప్పక్కర్లేదు. చీకట్లో అది వింటుంటే నా మీదే అనిపించేది, ఎందుకంటే కారణం నా దగ్గర ముందే ఉంది, ఇంట్లో తెలుగే మాట్లాడాలని నేను పెట్టిన రూల్. స్కూల్ నుంచి వస్తూనే ఏదో చెప్పాలని ఇంగ్లీషులో గబగబా మొదలుపెడుతుంది, నేను "తెలుగులో చెప్పమ్మా" అంటాను, ఆగుతుంది, మాట వెతుక్కుంటుంది, దొరక్కపోతే "ఏం లేదులే నాన్నా" అని వెళ్ళిపోతుంది. ఆ ఏం లేదులేలు అన్నీ రాత్రిళ్ళు దాని దవడలోకి దిగుతున్నాయని తీర్మానించేసుకున్నా. ఎవరికీ చెప్పకుండా రెండు వారాలు రూల్ ఆపేశా. శబ్దం తగ్గలేదు. మళ్ళీ పెట్టా. మధ్యలో కొన్నిరోజులు సాయంత్రం ఒకలా, శనివారం ఒకలా... పాపం దానికి ఏరోజు ఏ భాషో అర్థమయ్యేది కాదు.

ఫోన్లో మా అమ్మకి చెప్తే "కడుపులో పురుగులుంటాయిరా, మందు వేయించు" అంది. అమ్మా అవన్నీ పాతకాలం మాటలు అని విసుక్కున్నా. పురుగులకీ దీనికీ సంబంధం ఉందని గట్టిగా తేలలేదన్నది నిజమే కానీ, విసుక్కునేటప్పటికి నేను ఒక్క ముక్క చదివినవాణ్ణి కాదు. విసుగులో ఆవిడ తర్వాత అన్నది కూడా వదిలేశా, "నువ్వూ చిన్నప్పుడు ఇంతే, మీ నాన్నయితే పెళ్ళయ్యాక కూడా కొరికేవారు" అంది. ఇది కుటుంబాల్లో వస్తుంటుందని డెంటిస్ట్ చెప్పాక గానీ అమ్మ మాట విలువ తెలీలేదు.

డెంటిస్ట్ పళ్ళు చూసి పాలపళ్ళ అంచులు కాస్త అరిగాయి, అవి ఎలాగూ ఊడేవే, చాలామంది పిల్లల్లో ఎదిగేకొద్దీ ఇది దానంతటదే తగ్గిపోతుంది అన్నారు. దవడ ఇంకా పెరుగుతోంది కాబట్టి పెద్దవాళ్ళకిచ్చే నైట్ గార్డ్, అంటే రాత్రి పళ్ళకి తొడుక్కునే తొడుగు, ఈ వయసులో మామూలుగా ఇవ్వరంట. తర్వాత ప్రశ్నలు. పొద్దున తలనొప్పి అంటుందా, దవడ నొప్పి ఉందా, ఏమైనా మందులు వాడుతోందా (డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులతో, ధ్యాస, కుదురు నిలవని ఏడీహెచ్‌డీ సమస్యకి వాడే మందులతో కూడా ఇది రావచ్చంట), దేనికైనా బెంగపడుతోందా. ఆ చివరిదానికి నేను రూల్ సంగతంతా చెప్పుకొచ్చా, దాదాపు ఒప్పుకోలు అనుకోండి. ఆవిడ ఓపిగ్గా విని "గురక పెడుతుందా" అని ఇంగ్లీషులో అడిగారు. "లేదండీ, బాగా నిద్రపోతుంది" అన్నా.

బయటికొచ్చాక మా ఆవిడ "గురక లేదంటావేంటి, గోడ ఇవతలకి వినపడుతుంటేనూ" అంది. అబద్ధం చెప్పాలని చెప్పలేదు నేను. మనం గుర్రుపెట్టి నిద్రపోయింది అంటే హాయిగా పడుకుందనే కదా అర్థం, అది అలా గుర్రుపెడుతుంటే నేను దుప్పటి సర్ది తృప్తిగా లైటు తీసేసేవాణ్ణి. డాక్టరు ఇంగ్లీషులో అడిగినప్పుడు నాకు పెద్దవాళ్ళ జబ్బు గుర్తొచ్చింది గానీ ఈ గుర్రు గుర్తురాలేదు. "ప్రతిదీ నీ తప్పే అనుకుంటుంటే పిల్లకి అసలు ఏమవుతోందో ఎప్పుడు చూస్తావు" అని కూడా అంది మా ఆవిడ. మర్నాడు ఫోన్ చేసి సరిచేశా.

గురక గురించి ఎందుకడిగారంటే, గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్స్ పెద్దవైతే పడుకున్నప్పుడు గాలి వెళ్ళే దారి ఇరుకవుతుంది, నిద్ర ముక్కలుముక్కలవుతుంది. గురక, నోరు తెరుచుకుని పడుకోవడం, పక్క తడపడం, పగలు చిరాకు, చదువు మీద ధ్యాస నిలవకపోవడం, ఇవన్నీ దాని గుర్తులు కావచ్చు. పళ్ళు కొరికే పిల్లలందరికీ ఈ ఇబ్బంది ఉంటుందని కాదు, ఇదే కారణమనీ చెప్పలేరు, కానీ రెండూ తరచు కలిసి కనిపిస్తాయి. కాబట్టి మీ పిల్లలు కొరుకుతుంటే లేపకండి, తిట్టకండి, నోరు తెరుచుకుని ఉందా, ఊపిరి మధ్యలో ఆగి ఒక్కసారిగా అందుకుంటున్నారా అని కాసేపు పక్కన కూర్చుని చూడండి, ఫోన్లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి.

ఇలా సలహా ఇస్తున్నా గానీ మా సంగతే ఇంకా తేలలేదు. టాన్సిల్స్ పెద్దగానే ఉన్నాయన్నారు, ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఆపరేషన్ అంటారేమో, చేయిస్తే గురక తగ్గినా పళ్ళు కొరకడం ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఈ విషయం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణులు 2018లో రాసినదాని ప్రకారం, మిగతా ఆరోగ్యం బాగున్నవాళ్ళలో ఇది జబ్బు కూడా కాదు, కండరాల కదలిక, కొందరికి మాత్రం హాని చెయ్యొచ్చు. అది చదివి కొంచెం ఊపిరి పీల్చుకున్నా. కానీ ఆందోళన, ఒత్తిడి కూడా దీనితో ముడిపడే ఉంటాయి, కాబట్టి నా రూల్‌కి ఇందులో ఏ పాత్రా లేదని గుండెమీద చెయ్యేసుకుని చెప్పలేను. తెలుగు వదిలేద్దామా అంటే ప్రాణం ఒప్పుకోదు. ఇప్పుడైతే ముందు దానికి వచ్చిన భాషలో చెప్పనిస్తున్నా, మొత్తం విన్నాక నేను తెలుగులో అడుగుతున్నా. ఒకోరోజు మర్చిపోయి మళ్ళీ మధ్యలోనే ఆపేస్తున్నాను కూడా.

నిన్న పొద్దున బ్రష్ చేసుకుంటూ "రాత్రి సౌండ్ వచ్చిందా నాన్నా" అనడిగింది. చేశానా అనలేదు, వచ్చిందా అంది. వచ్చిందమ్మా, కాసేపే, అన్నా. ఓకే అని నోరు కడుక్కుని వెళ్ళిపోయింది.