ఎట్టుండారో వాళ్లనే అడగండి

కనిగిరి, పొదిలి, దర్శి వైపు పల్లెల్లో మెడ తిప్పలేక మనిషి మనిషంతా తిరిగి చూసే పెద్దవాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. నీళ్లలోని ఫ్లోరైడు ఎముకలదాకా పాకితే మనిషి ఎట్టా బిగుసుకుపోతాడో మన దేశంలో తొలినాళ్లలో వివరంగా రాసింది ఈ నేల గురించే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో చూసిన కేసుల్ని ప్రచురించారు. ఈ మూడు ఊళ్లూ అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అప్పటి నుంచి లెక్కలకు కొదవ లేదు. లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటిందా, ఎక్స్‌రేలో వెన్నెముక ఎట్టుంది, సదరం క్యాంపులో ఎంత శాతం వైకల్యం వేశారు, అన్నీ కాగితాల్లో దొరుకుతాయి. ఆ మనిషి తన బతుకు తనకెట్టా ఉందనుకుంటున్నాడో అడిగి రాసిన కాగితం దొరకడం కష్టం.

అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు పక్కనున్నవాళ్ల అంచనాకు అందదు. చుట్టుపక్కలవాళ్లు "అదీ ఒక బతుకేనా" అనుకునే మనిషి "నాకేం, బానే ఉండా" అంటాడు. మొహమాటానికి అంటున్నాడని కొట్టిపారేయకూడదు. 1999లో ఆల్‌బ్రెక్ట్, డెవ్‌లీగర్ అనే ఇద్దరు అమెరికాలో 153 మంది వికలాంగులతో కూర్చుని మాట్లాడారు. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లలో సగానికి పైగా, 54 శాతం, తమ బతుకు బాగుందనో చాలా బాగుందనో చెప్పారు. 2005లో అచ్చయిన ఇంకో పరిశీలన డయాలసిస్ రోగుల మీద. 49 మంది రోగులకూ, 49 మంది ఆరోగ్యవంతులకూ చేతిలో పట్టేంత యంత్రం ఇచ్చి, వారం పాటు అది మోగినప్పుడల్లా ఆ క్షణాన మనసెట్టా ఉందో నొక్కమన్నారు. రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డయాలసిస్ మీద ఉంటే బతుకు ఎంత దిగులుగా ఉంటుందోనని ఆరోగ్యవంతులు వేసిన అంచనా మాత్రం బాగా తప్పింది. అసలు జబ్బే రాకుంటే తామెంత సంతోషంగా ఉండేవాళ్లమోనని రోగులు వేసుకున్న అంచనా కూడా ఎక్కువకే పోయింది.

బయటి మనిషి ఊహించుకునేది మొదటి రోజుని. కాలు చచ్చుబడిన రోజు, కిడ్నీలు పోయాయని డాక్టరు చెప్పిన రోజు. మంచంలో ఉన్న మనిషి బతికేది ఐదో సంవత్సరంలో. ఆ రోజులో జబ్బుతో పాటు మనవరాలి హోంవర్కు ఉంటుంది, పొగాకు రేటు గురించి వాదన ఉంటుంది, మధ్యాహ్నం కునుకు ఉంటుంది. పైగా జబ్బుతో పాటు కొలబద్దే మారుతుంది. స్ప్రాంజర్స్, ష్వార్జ్ అనే పరిశోధకులు 1999లో ఈ మార్పును మూడు రకాలుగా విడదీశారు. ఒకటి, కొలత చివరలు జరుగుతాయి: తీవ్రమైన నొప్పి చూసినవాడికి మోకాటి నొప్పి నొప్పి కిందికి రాదు. రెండు, ముఖ్యమైనవి మారతాయి: పొలం వెనక్కి పోయి, కూతురి ఫోను ముందుకొస్తుంది. మూడు, బాగుండడం అంటే ఏమిటన్నదే మారుతుంది: ఒకప్పుడు నాలుగెకరాలు ఒంటి చేత్తో చేయడం, ఇప్పుడు తన స్నానం తాను చేయడం.

ఇంతవరకు విని "అలవాటైపోతుందిలే, వాళ్లు సర్దుకుంటారు" అనే మాటకు దిగితే అది పెద్ద అన్యాయం. అందరూ సర్దుకోరు. లూకాస్ అనే పరిశోధకుడు జర్మనీ, బ్రిటన్‌లలో ఏళ్ల తరబడి అవే కుటుంబాలను అడుగుతూ వచ్చిన సర్వేలను తీసి, 2007లో చూపించాడు: దీర్ఘకాల వైకల్యం వచ్చాక బతుకు మీద తృప్తి పడిపోయింది, మునుపటి మట్టానికి తిరిగి రాలేదు. అదుపు లేని నొప్పికి, రోజురోజుకీ పెరిగే జబ్బుకి, పలకరించే దిక్కు లేకపోవడానికి మనిషి తేలిగ్గా అలవాటు పడడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఊరంతా అదే బోరు నీళ్లు తాగి, నలభై దాటిన ప్రతి ఒక్కరికీ మోకాళ్లు పట్టేసే చోట ఎవరూ దాన్ని జబ్బు కింద చెప్పరు. అమర్త్యసేన్ 2002లో దీన్నే కేరళ, బీహార్‌లతో చూపించాడు: ఎక్కువ ఏళ్లు బతికే కేరళవాళ్లు తమకు జబ్బులున్నాయని ఎక్కువ చెబుతారు, బీహార్‌లో తక్కువ చెబుతారు. చదువూ ఆసుపత్రీ అందినవాళ్లకే తమ ఒంట్లో ఏది తేడాగా ఉందో తెలుస్తుంది. అందుకే రెండూ అడగాలి, వేర్వేరుగా అడగాలి. ఏం చేయగలుగుతున్నారు అన్నది ఒకటి, దాంతో ఎంత తృప్తిగా ఉన్నారు అన్నది ఇంకొకటి. మొదటిది తక్కువై రెండోది ఎక్కువైతే ఆ తృప్తిని గౌరవించండి. దాన్ని చూపి ఫిజియోథెరపీనో చక్రాల కుర్చీనో ఆపకండి.

అడగడానికి ఎక్కువగా వాడే ఫారాలు రెండు. ఈక్యూ-5డీ చిన్నది: నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, దిగులు. ఐదింటికీ ఐదేసి మెట్లు, చివర ఆరోగ్యం మొత్తమ్మీద ఎట్టుందో గుర్తు పెట్టడానికి 0 నుంచి 100 దాకా గీత. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఆ ఐదు జవాబుల్ని ఒకే అంకెగా మార్చే పట్టికను చాలా దేశాల్లో మామూలు జనం చేత, "మీరీ స్థితిలో ఉన్నారనుకోండి" అని ఊహింపజేసి తయారుచేస్తారు. రోగి దగ్గర కూర్చున్నప్పుడు ఆ ఒక్క అంకె కంటే ఐదు జవాబులూ, ఆ గీత మీద ఆయన పెట్టిన గుర్తూ ఎక్కువ పనికొస్తాయి.

రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన డబ్ల్యూహెచ్ఓ-క్యూఓఎల్ బ్రెఫ్. 26 ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి. ఒళ్లు, మనసు, మనుషులు, పరిసరాలు అని నాలుగు భాగాలు. డబ్బు సరిపోతోందా, బస్సూ ఆటో అందుతున్నాయా అని కూడా అడుగుతుంది కాబట్టి మన పల్లెలకు ఇదే మేలని నా అభిప్రాయం. మార్కులు వేసేటప్పుడు జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. 3, 4, 26 ప్రశ్నలు తిరగేసినవి: నొప్పి ఎంత అడ్డొస్తోంది, మందుల మీద ఎంత ఆధారపడ్డారు, దిగులు ఎంత తరచుగా వస్తోంది. వీటిలో 1 నుంచి 5 దాకా వచ్చిన మార్కును 6 నుంచి తీసేయాలి. అది మరిచిపోతే నొప్పితో మూలిగే మనిషికి మంచి మార్కులు పడతాయి. తర్వాత ఒక్కో భాగం సగటును 4తో గుణిస్తే 4 నుంచి 20 మధ్య అంకె వస్తుంది. అందులోంచి 4 తీసేసి, 100తో గుణించి, 16తో భాగిస్తే వందకు ఎంతో తెలుస్తుంది. నాలుగు భాగాల్నీ కలిపి ఒకే మొత్తం చేయకండి. మనసు 75, పరిసరాలు 25 ఉన్న మనిషికి సగటు తీస్తే ఆయనకేం కావాలో కనపడకుండా పోతుంది.

21వ ప్రశ్న దాంపత్య జీవితం గురించి. కోడలి ముందో, కుర్ర వాలంటీరు నోటి నుంచో వస్తే జవాబు రాదు, ఆ తర్వాతి ప్రశ్నలకు కూడా మనిషి ముడుచుకుపోతాడు. ఫారం ఆయన చేతికే ఇచ్చి గుర్తు పెట్టమనండి. చదువు రాకపోతే "ఇది చెప్పాలనిపిస్తేనే చెప్పండి" అని ముందే అనండి. మనుషుల భాగంలో ఉన్నవి మూడే ప్రశ్నలు. ఒకటి ఖాళీగా ఉన్నా మిగతా రెండిటితో లెక్క కట్టొచ్చు, రెండు ఖాళీ అయితే ఆ భాగాన్ని వదిలేయాలి.

ఫారం కంటే ముందు తేల్చాల్సింది పింఛను భయం. ఇంటికి కాగితం పట్టుకుని ఎవరొచ్చినా పింఛను తనిఖీ అనుకుంటారు. 2024లో పెంచిన లెక్క ప్రకారం వికలాంగులకు నెలకు 6 వేలు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు 10 వేలు, పూర్తిగా మంచం పట్టినవాళ్లకు 15 వేలు. ఆ డబ్బు మీదే ఇల్లు నడుస్తుంటే "బానే ఉండా" అనడానికి నోరెట్టా వస్తుంది? కాబట్టి కూర్చోగానే చెప్పండి: "పెదనాయనా, దీనికీ పింఛనుకూ సంబంధం లేదు. ఏం చెప్పినా పెరగదు, తగ్గదు." వినపడకపోతే ఇంకోసారి చెప్పండి.

తర్వాత పక్కనున్నవాళ్లు. ప్రశ్న పెద్దాయనకు వేస్తే జవాబు కొడుకు చెబుతాడు. ఇంటివాళ్ల అంచనా రోగి మాట కంటే తక్కువగా ఉండడం పరిశోధనల్లో పదే పదే కనపడింది. నడక, స్నానం లాంటి కంటికి కనిపించే వాటిలో ఇద్దరి మాటా దగ్గరగా ఉంటుంది, మనసు విషయంలో దూరమవుతుంది. కొడుకును వేరుగా కూర్చోబెట్టి అడగండి, వేరే కాగితం మీద రాయండి. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లలో కూడా చాలామంది చూపుడు వేలితో గీత మీద చూపించగలరు, అవునూ కాదూ తల ఊపగలరు. తొందరపడకుండా ఆగితే చాలు.

డయాలసిస్ వాళ్లను సెంటర్ నుంచి రాగానే అడగకండి. నాలుగు గంటల యంత్రం, ఆపైన బస్సు, నీరసం. రెండు రోజుల విరామం చివర కూడా ఒళ్లు బరువెక్కి ఆయాసంగా ఉంటుంది. డయాలసిస్ మర్నాడు పొద్దున మంచి సమయం. ఫారంలో లేని ఒక ప్రశ్న కలపండి: "డయాలసిస్ అయ్యాక మళ్లీ మామూలు మనిషి కావడానికి ఎంతసేపు పడుతోంది?" మర్నాటిదాకా లేవలేకపోతున్నారంటే నీరు మరీ వేగంగా లాగుతున్నారేమో చూడమని డాక్టరుకు చెప్పాలి. కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్లు దాటకపోతే మేలంటారు. అంటే 50 కిలోల మనిషికి నాలుగు గంటల్లో 2.6 లీటర్లు. మధ్య రోజుల్లో మూడున్నర కిలోలు పెరిగి వస్తే అంత నీరు ఆ వ్యవధిలో నెమ్మదిగా తీయడం కుదరదు. పెరగడానికి మూలం చాలావరకు ఉప్పు: ఆవకాయ, ఎండుచేప, అప్పడం. ఉప్పు తింటే దాహం ఆగదు, మే నెల ఎండలో అసలే ఆగదు. ఏది ఎక్కువ బాధ అని అడిగితే సూది కంటే ముందు దాహం గురించీ, వదులుకున్న చేపల పులుసు గురించీ చెప్పేవాళ్లుంటారు. ఆ మాట రాసుకోవాలి. ఉప్పూ పులుపూ తగ్గించి, వారానికోసారి ఒక ముక్కతో పులుసు కుదురుతుందేమో డైటీషియన్‌ను అడిగి చెప్పడం కూడా వైద్యమే.

ఇవన్నీ అయ్యాక ఫారం మూసేసి, ఇంకో పద్ధతిలో అడగండి. డబ్లిన్‌లోని సర్జన్ల కాలేజీలో రూపుదిద్దిన పద్ధతి ఇది. "మీ బతుకులో మీకు ముఖ్యమైన ఐదు విషయాలు చెప్పండి" అంటారు. మనం పేర్లు అందించకూడదు. ఒక్కోటి ఇప్పుడు ఎట్టుందో వందకు మార్కు వేయిస్తారు. తర్వాత ఐదింటిలో దేనికెంత బరువో పంచమంటారు. మనదగ్గర దీనికి వంద చింతగింజలు, ఐదు పళ్లేలు చాలు. ఏ పళ్లెంలో ఎన్ని గింజలు వేశారో లెక్కపెట్టి, ఆ మార్కుతో గుణించి, ఐదూ కూడి, వందతో భాగించండి. నడక పళ్లెంలో నాలుగే గింజలు వేసి, "ఎవరికీ చెప్పకుండా నేనే లాట్రిన్‌కు పోవాల" అన్న పళ్లెంలో నలభై వేసే మనిషి తగులుతాడు. అప్పుడు చేయాల్సిన పని కళ్లముందే ఉంటుంది.

ఆ పని ఖరీదైనది కాదు. గొంతుక్కూర్చునే లాట్రిన్ పైన పెట్టుకునే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. సీటు ఎత్తు 16 నుంచి 18 అంగుళాలు ఉండాలి, ఇంకా తక్కువైతే ఒంటికాలి బలంతో లేవలేరు. గోడకు పట్టుకునే కమ్మీ బాగున్న చేతి వైపు బిగించాలి. చాలా ఇళ్లలో మేస్త్రీ తనకు వీలైన గోడకు బిగించిపోతాడు, అది చచ్చుబడిన చేతి వైపైతే ఉన్నా లేనట్టే. గడప ఆరంగుళాల ఎత్తుంటే వాలు ఆరడుగుల పొడవు కట్టాలి. రెండడుగుల్లో కట్టిన వాలు మీద చక్రాల కుర్చీని తనంతట తాను ఎక్కించలేడు, దిగేటప్పుడు ముందుకు పడతాడు.

మాటల మధ్య "పోతే బాగుండు" అని వస్తే పెద్దవాళ్ల ఊతపదం అనుకుని దాటేయకండి. రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు వదలకపోవడం ఉన్నాయేమో నేరుగా అడగండి. ఉంటే అది వైకల్యంతో పాటు రాక తప్పని బాధ కాదు, విడిగా మందున్న జబ్బు. మనసు బాధలకు సర్కారు నడిపే ఫోను సాయం టెలీ మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం పడవు.

మూడు నెలల తర్వాత మళ్లీ అడగండి. అదే మనిషి అడగాలి, డయాలసిస్ వాళ్లయితే మళ్లీ మర్నాడు పొద్దునే. పాత కాగితం చూపించకుండా కొత్త మార్కులు వేయించి, చివర ఇంకోటి అడగండి: "మూడు నెలల కిందట ఎట్టుండేదో ఇప్పుడు తలుచుకుంటే ఎన్ని మార్కులేస్తారు?" అప్పట్లో 60 వేసిన మనిషి ఇప్పుడు తలుచుకుని 35 అంటే, ఆయన కొలబద్ద జరిగిందని అర్థం చేసుకోవచ్చు, జ్ఞాపకం తారుమారైందేమో కూడా మనసులో పెట్టుకోవాలి. అటువంటప్పుడు కొత్త మార్కు మళ్లీ 60 దగ్గరే ఉన్నా కమోడ్ కుర్చీ వల్ల ఏమీ ఒరగలేదని రాయకండి. మూడు అంకెలూ పక్కపక్కన రాసి, తేదీ వేసి, ఆ కాగితం ఆయన మందుల సంచిలోనే ఉంచండి.