తెగినా బాధ లేని తోలు పట్టా

మంగలి కత్తి వాదరను సరిచేసే తోలు పట్టా కొనాలనుకుంటే ముందుగాల ఒక్కటి తేల్చుకోండి. మీ చేతిల ఉన్నది సగం బ్లేడు ఇరికించే సెలూన్ కత్తి అయితే తోలు పట్టాతో పనే లేదు, మొద్దువారితే బ్లేడు మార్చుడే. పట్టా కావాల్సింది పిడిలకు మడిచే అసలు మంగలి కత్తికి. అది గూడ సాన పట్టినంక. మొద్దు కత్తిని తోలు మీద పొద్దంత రుద్దినా పదును పుట్టదు. గడ్డం గీసినప్పుడు అటుఇటు ఒరిగిన వాదరను తోలు మళ్ల నిటారు చేస్తది, అంతే.

మొదటి పట్టా తెగుతది. ఎక్కడ తెగుతదో గూడ ముందే తెలుసు: కొసకు వచ్చి కత్తిని తిప్పే కాడ. వెన్ను తోలుకు ఆనుకొనే ఉండాలె, వాదర పైకి లేచి అవతలి దిక్కు పండాలె. కొత్త చెయ్యి వెన్నును లేపుతది, వాదర తోలులకు దిగుతది. అందుకే గుర్రం తోలు పట్టాలు ఇప్పుడే తెప్పించకండి. సాదా ఆవు తోలో, బర్రె తోలో చాలు. 'మంగలి పాత, చాకలి కొత్త' అని ఊరికే అనలేదు.

వెడల్పు రెండున్నర నుంచి మూడు అంగుళాలు. కత్తి అలుగు కూడ దాదాపు మూడు అంగుళాలే కాబట్టి మూడంగుళాల పట్టా మీద సీదా పోనిస్తే సరిపోతది. రెండంగుళాలదైతే ప్రతిసారి ఏటవాలుగ జరుపుకుంట పోవాలె, కొత్తల అదొక తలనొప్పి. పొడుగు కనీసం 18 అంగుళాలు, మందం 3 మిల్లీమీటర్ల దాక.

చెప్పులు, బెల్టులు కుట్టేటోళ్ల దగ్గర పట్టీ కోయించుకునేటట్టయితే కోసిన అంచు చూడండి. నడుమ నీలి, బూడిద రంగు ఉంటే అది క్రోమ్ తోలు, మెత్తగ సాగుతది, వద్దు. తంగేడు చెక్క, తుమ్మ చెక్కతోని లందల (తోలు ఊనే తొట్టిల) నానిన తోలు లోపల దాక గోధుమ రంగే ఉంటది, వంచితే బిర్రుగ ఉంటది. వెలుగుకు అడ్డం పెట్టి చూస్తే గీతలు, ముడతలు, లేచిన అంచులు దొరుకుతయి. వెనక గుడ్డ పట్టీ కూడ ఉంటే మంచిది. దట్టమైన నూలు కాన్వాస్ అయితేనే. వరంగల్ కొత్తవాడల నేసే దర్రీ ముక్క పనికిరాదు, గట్ల నేత మీద వాదర ఎగురుతది.

పట్టా ఒక కొస కొక్కెం నడుము ఎత్తుల, గట్టి కిటికీ చువ్వకు తగిలియ్యండి, ఇంకో కొసను చేత గుంజి పట్టండి. పట్టా జోలెలెక్క వంగితే వాదర గుండ్రమైతది. గుంజి పట్టుడు రాకపోతే చెక్కకు అతికించిన పట్టా తీసుకోండి, పొట్టిదైనా వంగదు. వెన్ను ముందు, వాదర వెనుక, కత్తి బరువే సరిపోతది. గుడ్డ మీద 20 సార్లు, తోలు మీద 40-50 సార్లు, పోయి వస్తే ఒకటి. మెల్లగ.

ఈ పట్టాకు పదును పెట్టే ఆకుపచ్చ పేస్టు రాయకండి. ఒక్కసారి రాస్తే పోదు, రోజూ వాదరను అరగదీస్తది. కావాలంటే దానికి వేరే పట్టా.

గాటు పడితే లేచిన పొరను రబ్బరు సొల్యూషన్‌తో అతికించి, ఆరినంక 400 నంబరు గరుకు కాగితంతో సాపు చెయ్యండి. అట్లనే వదిలితే ఆ పొర ప్రతిసారి వాదరను కొడుతది.

ఎండకాలం తోలు ఎండినట్టయితే అరచేత రుద్దితే చాలు, కొబ్బరినూనె పట్టియ్యకండి. వానకాలం బాత్రూంల ఉంచితే బూజు పడుతది. గాలాడే అర్రల మేకుకు వేలాడదీయండి. చుట్టి పెడితే మడత పడ్డకాడ గట్టు లేస్తది.